మా ముందరి గది

పుత్తూరు స్టేషన్లో ప్యాసింజరు ఆగితే, దిగినవాళ్లలో కట్టు కోసం వచ్చిందెవరో మేం దూరం నుంచే పోల్చేవాళ్లం. ఒక చేతిని ఇంకో చేత్తో పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నడిచేవాడు, ఇద్దరి భుజాల మీద చేతులేసి ఒంటికాలి మీద గెంతేవాడు, తల్లి చంకలో గుక్కపట్టి ఏడ్చే పిల్లోడు. ఒంటరిగా వచ్చేవాళ్లు తక్కువ. ఎముక విరిగితే ఇల్లంతా కదులుతుంది. వెంట ముసలమ్మ, పెళ్లాం, బావమరిది, ఒక సంచి, సంచిలో దుప్పటి, చెంబు, ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేక వెంటేసుకొచ్చిన ఇంకో ఇద్దరు పిల్లలు. కట్టు కట్టడానికి ఎంతోసేపు పట్టదు. కానీ వేళకు చేరాలి, వరస రావాలి, నొప్పి కాస్త అణగాలి, తిరుగు బండి దొరకాలి. ఈలోపల చీకటి పడుతుంది. పెళ్లాంబిడ్డలతో వచ్చిన మనిషి రాత్రి ఎక్కడ తల దాచుకోవాలి?

మా వీధిలో కొన్ని ఇళ్లు అందుకు ముందరి గది ఇచ్చేవి. మాదీ అందులో ఒకటి.

మాది స్టేషను రోడ్డుకు వెనక వీధి. మూడు గదుల పెంకుటిల్లు. ముందరి గదికి వీధిలోకి వేరే తలుపు. మా దాదా ఆ గదిలో సైకిళ్లు బాగుచేసేవాడు. అబ్బా షాపును రోడ్డు మీదికి మార్చాక గది ఖాళీ పడింది. ఒక రాత్రి ఎవరో తలుపు తట్టారు, అమ్మీ తీసింది. అలా మొదలైంది. రెండు నవారు మంచాలు, ఒక చాప, మూలన నీళ్లకుండ, గోడకు లాంతరు. పొద్దున్నే చాయ్, దాంతో ఉప్మానో రొట్టో. ఇంత అని రేటు లేదు, ఇచ్చినంత. దీనికి ఇప్పుడు 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్' అని పేరొచ్చింది. కేంద్ర పర్యాటక శాఖ ఇదే పేరుతో ఒక పథకం కూడా పెట్టింది. ఒకటి నుంచి ఆరు గదుల వరకు ఇవ్వొచ్చు, ఇంటివాళ్లు ఆ ఇంట్లోనే కాపురం ఉండాలి, వసతుల్ని బట్టి బంగారు తరగతి, వెండి తరగతి. మా అమ్మీ ఏ తరగతిలోకి వచ్చేదో తెలీదు. ఆమె దగ్గర ఉన్నది ఇత్తడి చెంబులు మాత్రమే.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది హిందువులు. గడప దగ్గర ఒక్క క్షణం ఆగేవాళ్లు. గోడ మీద కాబా పటం, అమ్మీ తల మీద కొంగు, లోపల్నుంచి మా ఉర్దూ మాటలు. ఆ క్షణం మాకు బాగా తెలుసు.

"ఏమనుకోవద్దు బూబమ్మా, మేం నీసు తినం. వంట మేమే చేసుకుంటాం."

"దాంట్లో అనుకునేదేముందమ్మా. స్టవ్వు ఆడుండాది, కొత్త కుండుండాది. ఎసరు పెట్టుకో."

ఆ స్టవ్వు వాళ్ల కోసమే. ఆ గిన్నెలు మా వంటింట్లోకి ఎప్పుడూ రాలేదు. ఇది అవమానమని మాకు చిన్నప్పుడు తోచలేదు. పెద్దయ్యాక, పుస్తకాలు చదివాక, తోచింది. ఇంకా చదివాక, అంత తేలిగ్గా తేలే సంగతి కాదని తెలిసింది. ఆ చదివిన దాన్నే ఇక్కడ కొంత చెప్పాలని.

ముందు కట్టు సంగతి. పుత్తూరు పక్కన రాచపాళెంలో రాజుల కుటుంబం ఈ కట్టు కడుతుంది. 1881 ప్రాంతంలో కేశవరాజు అనే ఆయన వేటకు వెళ్లి ఒక కుందేలును కొట్టి, కాలు విరిగిన దాన్ని అడవి ఆకుల్లో చుట్టి ఇంటికి తెచ్చాడట. విప్పితే కుందేలు లేచి పరిగెత్తిందట. ఏ ఆకులో చుట్టానా అని వెనక్కి వెళ్లి వెతికి పట్టుకున్నాడట. కథ నిజమో కాదో కుందేలుకే తెలియాలి. పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇంతే వైద్యం. తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ జనం దీనికోసం వచ్చారు, ఇప్పటికీ వస్తున్నారు.

ఆ వరండాలో మాకు నచ్చింది ఒకటుంది. ఎముకను సరిచేయాలంటే మనిషిని ముట్టుకోవాలి. గట్టిగా పట్టుకోవాలి, లాగాలి, తడిమి చూడాలి. దూరంగా నిలబడి కట్టు కట్టడం కుదరదు. రాజుగారి చేయి మాలపల్లి మనిషి మోచేతినీ పట్టింది, అయ్యవారి మోకాలినీ పట్టింది, మా తమ్ముడి మణికట్టునూ పట్టింది. పక్కపక్కనే బెంచీ మీద కూర్చున్నవాళ్లు "నీదెట్లా ఇరిగింది?" అని అడుక్కునేవాళ్లే కానీ వేరే ప్రశ్న రాదు. అదే మనుషులు సాయంత్రం మా గడప దగ్గర ఆ ఒక్క క్షణం ఆగేవాళ్లు. చేయి పట్టనివ్వడానికి లేని కులం అన్నం దగ్గర ఎట్లా వస్తుంది? ఈ దేశంలో బాటసారి చరిత్రంతా ఈ రెంటి మధ్యే తిరిగినట్టు మాకు అనిపిస్తుంది.

షేర్ షా సూర్ ఢిల్లీ నుంచి పాలించింది అయిదేళ్లు, 1540 నుంచి 1545 దాకా. ఆ కాస్తలోనే బాటల వెంట రెండేసి కోసులకొక సరాయి కట్టించాడని ఆయన చరిత్ర రాసిన అబ్బాస్ ఖాన్ సర్వానీ చెప్పాడు. మొత్తం 1,700 సరాయిలని లెక్క కూడా ఇచ్చాడు. ప్రతి సరాయిలో హిందువులకు వేరే గదులు, ముసల్మానులకు వేరే గదులు. తలుపు దగ్గర ఇద్దరికీ వేర్వేరుగా నీళ్లకుండలు. హిందూ ప్రయాణికులకు వేడినీళ్లు, పడక, భోజనం చూడ్డానికి బ్రాహ్మణులను నియమించారు. ఇది చదివిన రోజు మాకు అమ్మీ స్టవ్వు గుర్తొచ్చింది. ఏడో తరగతి దాటని మనిషి పుత్తూరు వెనక వీధిలో షేర్ షా పద్ధతిని నడిపింది. వేరు పెట్టడం ఉంది. కానీ ఆ వేరు పెట్టడం మనిషిని లోపలికి రానివ్వడానికి పెట్టింది. బయటికి పంపడానికి పెట్టే వేరు ఇంకోటుంది, దాని సంగతి తర్వాత.

గోల్కొండలోనూ సరాయిలు వెలిశాయి. షేక్‌పేట సరాయి గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. హయాత్‌నగర్లో హయాత్ బక్షీ బేగం పేరు మీదున్న మసీదు చుట్టూ సరాయి గదుల వరసలు చూడొచ్చు. హైదరాబాదులో కార్వాన్ అనే పేట పేరే బిడారులది. ఇవన్నీ రాళ్లు. రాళ్లకన్నా గట్టిగా నిలిచింది భాష. తెలుగువాడు ప్రయాణం కడితే నోట్లోకి వచ్చే మాటలు చూడండి. సామాను, సవారీ, కిరాయి, మకాం, ముసాఫరు. మజిలీ అనేది అరబ్బీ మంజిల్. మధిర సుబ్బన్న దీక్షితులు గారు 'కాశీ మజిలీ కథలు' రాశారు. కాశీకి వెళ్లే దారిలో రాత్రికొక కథ, ఆ రాత్రి పేరు మాత్రం మా మాట. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. మీరు ఎక్కణ్ణుంచి వచ్చారని మమ్మల్ని అడిగేవాళ్లకు, మీరు దారిలో ఆగిన ప్రతిచోటా ఉన్నామని చెప్పడానికి.

సత్రం, చావడి మాత్రం మన మాటలే. చావడినే ఇంగ్లీషువాళ్లు చౌల్ట్రీ చేసుకున్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ చూసి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన యాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. ప్రతి మజిలీలోనూ సత్రం ఉందా, నీళ్లు మంచివా, సరుకులు దొరుకుతాయా అని ఓపిగ్గా రాసుకున్నాడు. బ్రాహ్మణ గృహస్థు కాబట్టి ఆయన కంటికి కనిపించే ఊరు ఒకటి, అదే దారిలో నడిచిన దూదేకులవాడి కంటికి కనిపించే ఊరు ఇంకొకటి. రెండోవాడు పుస్తకం రాయలేదు.

అన్ని సత్రాలూ ఒక్కలా లేవు, ఆ మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. తంజావూరు రాజు శరభోజి 1801లో కంపెనీకి రాసిన ఉత్తరంలో తన సత్రాల్లో బ్రాహ్మణుడు మొదలు పరయ దాకా అందరికీ అన్నం పెడుతున్నామని, రోగులను చూస్తున్నామని చెప్పుకున్నాడు. 1817లో మద్రాసు ప్రభుత్వం చేసిన ఏడో రెగ్యులేషను గుళ్లనూ మసీదులనూ సత్రాలనూ ఒకే చట్టం కిందికి తెచ్చి రెవిన్యూ బోర్డుకు అప్పజెప్పింది. 1863లో మళ్లీ విడదీశారు, గుళ్లు, మసీదులు ఎవరివి వాళ్లకు పోయాయి. ఆ తర్వాత తిరుపతి, కాళహస్తి వంటి క్షేత్రాల్లో కులానికొకటిగా సత్రాలు లేచాయి. బోర్డు మీద కులం పేరు, కింద దాత పేరు. ఊరూరా పుణ్యమే. ఆ పుణ్యంలో కొందరికి తలుపు ఉండేది, కొందరికి అరుగు, కొందరికి వీధి.

మరి ముసాఫరు బంగళా? తాలూకాకొకటి కట్టారు. మాట మాది, బంగళా దొరలది. తర్వాత ఆఫీసర్లది. మావాళ్లు అందులోకి వెళ్లింది వంట చేయడానికి, ఖాన్సామాలుగా. ముసాఫరు అని బోర్డున్న ఇంట్లో ముసాఫరుకు తప్ప అందరికీ చోటుండేది. దీని మీద ఇంతకంటే చెప్పాల్సిందేమీ లేదు.

రైలు వచ్చాక లెక్క మారుతుందనుకున్నారు. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు వైపు మద్రాసు రైల్వే మొదటి బండి నడిచింది. అరక్కోణం నుంచి పుత్తూరు, రేణిగుంట మీదుగా వెళ్లిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే లైనును కలిసింది. పెట్టెలో అందరూ పక్కపక్కనే కూర్చోక తప్పలేదు. కానీ స్టేషన్లో దిగి దాహమేస్తే ఉత్తరాదిలో హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు. మన దిక్కున భోజనశాలలో బ్రాహ్మణులకు వేరు, మిగిలినవాళ్లకు వేరు. ఆత్మగౌరవ ఉద్యమం ఏళ్లతరబడి కొట్లాడితే 1941లో దక్షిణాది స్టేషన్లలో ఆ బోర్డులు దిగాయి.

మావాళ్లు ఏం చేశారు? మేమూ మా కోసం కట్టుకున్నాం. మేల్విషారం తోలు వ్యాపారి నవాబు సి. అబ్దుల్ హకీం మద్రాసు సెంట్రల్ దగ్గర సిద్దీఖ్ సరాయి కట్టించాడు. పుత్తూరు నుంచి ఆస్పత్రి పనికో, పెళ్లి బట్టలకో మద్రాసు వెళ్లే మా కుటుంబాలకు అదే పుట్టింటిలాంటిది. జకాత్ తీసుకోవడానికి అర్హులైన ఎనిమిది రకాల వాళ్లను ఖురాన్ చెప్తే, అందులో చివరివాడు ఇబ్నుస్సబీల్. మాటకు మాట పెడితే, దారి కొడుకు. ఎంత మంచి మాట! దారి కొడుకు అంటే దారిలో ఉన్న ఏ కొడుకైనా అని మేం చదువుకుంటాం. మా సరాయిలు మాత్రం ఎక్కువగా మావాళ్ల వరకే చదువుకున్నాయి. ఇంటి లోపలి సంగతి కూడా దాచం. దూదేకుల కుటుంబం ఒకటి కట్టు కోసం వచ్చి మా ముందరి గదిలో దిగితే, మా దాదీమా అమ్మీని వంటింట్లోకి పిలిచి "వాళ్లకు ఏ గిన్నెలు ఇచ్చావ్?" అని గుసగుసగా అడిగింది. ఎవరి గడప దగ్గర ఎవరు ఒక్క క్షణం ఆగుతారో, ఆ లెక్క మా ఇంట్లోనూ ఉంది.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే సరిచేయాలి. ముస్లిం అనగానే నిజాం అంటారు, నిజాం అనగానే రజాకార్లు అంటారు. పుత్తూరు కార్వేటినగరం జమీందారీలోది. ఆర్కాటు నవాబుల ఏలుబడి నుంచి 1801లో కంపెనీ కిందికి పోయింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి, 2022లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. 1948లో హైదరాబాదు మీదికి సైన్యం వెళ్లిన రోజు మా దాదా పుత్తూరులో ట్యూబుకు పంక్చరు వేస్తూ ఉండి ఉంటాడు. మక్కాలో నిజాం కట్టించిన రుబాత్ ఉంది, హజ్‌కు వెళ్లినవాళ్లకు ఉచిత బస. అది పూర్వపు హైదరాబాదు సంస్థానం ప్రజలకే. మా ఊరి హాజీలకు అందులో వాటా లేదు. నిజాం ఇచ్చే పడకకు మేం పనికిరాం, నిజాం మీది తిట్లకు మాత్రం ఎప్పుడూ వారసులమే.

అబ్బా దగ్గర ఒక చిన్న డైరీ ఉండేది. బీడీ కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చినది. అందులో ఉర్దూలో ఊళ్ల పేర్లు, ఒక్కో ఊరి కింద రెండు మూడు లైన్లు. కడప: అమీన్ పీర్ దర్గా వీధి, అత్తర్ షాపు వెనక మేడ, రాత్రి పదిలోపు చేరాలి. నెల్లూరు: బారాషహీద్ దగ్గర ఫలానా మాస్టారి ఇల్లు, రొట్టెల పండుగప్పుడు అడగొద్దు. కసుమూరు: దర్గా షెడ్డు, దోమలు. పెనుగొండ: బాబయ్య దగ్గర గది అక్కర్లేదు, వరండా చాలు. మద్రాసు: సిద్దీఖ్ సరాయి. తిరుపతి పేరు కింద ఒకే మాట, "రాత్రికి ఇంటికి వచ్చేయాలి". ముప్పై అయిదు కిలోమీటర్లేగా.

పెళ్లాంబిడ్డలతో బయల్దేరే ముందు అబ్బా ఆ డైరీ తిరగేసేవాడు. డైరీలో లేని ఊళ్లో రాత్రి చిక్కుకోకుండా బస్సుల లెక్క వేసేవాడు. ప్రతి ముస్లిం ఇంట్లోనూ ఇలాంటిదొకటి ఉంటుందని, కాగితం మీద కాకపోతే తండ్రి బుర్రలో ఉంటుందని తర్వాత తెలిసింది. దర్గాలు అందులో ఎక్కువ. అక్కడ ఎవరూ ఎవర్నీ పేరు అడగరు. కసుమూరులోనైనా పెనుగొండలోనైనా మా చాప పక్కనే హిందువుల చాప. వాళ్లూ మాలాగే మొక్కు ఉండి వచ్చినవాళ్లు, మాలాగే దోమలకు తిట్టుకునేవాళ్లు.

అమెరికాలో ఇలాంటి డైరీని ఒకాయన అచ్చువేశాడు. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే నల్లజాతి తపాలా ఉద్యోగి, న్యూయార్క్ హార్లెం వాసి. 1936లో మొదలుపెట్టాడు. నల్లవాళ్లు కారులో కుటుంబంతో వెళ్తే ఏ ఊళ్లో ఎవరు గది ఇస్తారో, ఎవరు అన్నం పెడతారో ఏటేటా అందులో ఇచ్చేవాడు. హోటళ్లు రానివ్వని ఊళ్లలో మామూలు గృహిణులే తమ ఇళ్లలో గదులు ఇచ్చేవాళ్లు. వాటిని టూరిస్ట్ హోమ్స్ అనేవాళ్లు. పడక, పొద్దున నాస్తా. ఈ పుస్తకం అవసరం లేని రోజు వస్తుందని ఆయన ఆశపడ్డాడు. 1960లో పోయాడు, 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది, కొన్నేళ్లకు పుస్తకం ఆగిపోయింది.

మన దగ్గర చట్టం అంతకుముందే వచ్చింది. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి రాకుండా ఆపకూడదని ఉంది. హోటళ్లు అని పేరు పెట్టి మరీ రాశారు. రాసినవాళ్లకు ఈ దేశపు గడపల సంగతి తెలుసు.

1992 డిసెంబరు రెండో వారం. దూరపు ఊళ్లో ఖాలూ చనిపోతే వెళ్లి తిరిగొస్తున్నాం. అబ్బా, అమ్మీ, మేం ముగ్గురు పిల్లలం. ఎక్కడికక్కడ బందులు. బస్సు జిల్లాలోనే ఒక ఊళ్లో దించేసి ఇక పోదంది. ఆ ఊరు డైరీలో లేదు. బస్టాండు ఎదురుగా లాడ్జి. కౌంటరులో అబ్బాయి రిజిస్టరు తెరిచాడు, ఎంతమంది అన్నాడు, ఎన్ని రోజులన్నాడు, రేటు చెప్పాడు. పేరు అడిగాడు. అబ్బా చెప్పాడు. పెన్ను ఆగింది. అతను తలెత్తి బయట మెట్ల మీద నిలబడ్డ అమ్మీ బురఖాను చూశాడు.

"రూములు లేవు సాయిబూ."

అతని వెనక చెక్కబోర్డుకు తాళంచెవులు వేలాడుతున్నాయి. మా చెల్లెలు అప్పుడప్పుడే లెక్కలు నేర్చుకుంటోంది. పదకొండు అని పైకే లెక్కపెట్టింది. అతను సిగ్గుపడ్డాడు. "నా చేతుల్లో ఏం లేదు. ఓనరు చెప్పినారు. ఏమన్నా అయితే మాకే ఇబ్బంది" అన్నాడు. అబ్బా గొడవపడలేదు. 15వ అధికరణం సంగతి ఆయనకు తెలీదు, తెలిసినా ఆ రాత్రి పిల్లల్ని పక్కన పెట్టుకుని మాట్లాడేవాడు కాదు. ఆ పదకొండు తాళంచెవులు మాత్రం మా ఇంట్లో ఒక సామెత అయిపోయాయి. ఎవరైనా లేదని అబద్ధం చెప్తే "పదకొండు" అనుకుంటాం.

బస్టాండు పక్కన ఇడ్లీలమ్మే ఆవిడ తడికల కొట్టు కట్టేస్తోంది. చలికి వణుకుతున్న మమ్మల్ని చూసి యాడోళ్లని అడిగింది. పుత్తూరు అన్నాం. "పుత్తూరోళ్లా? మావోడి మోచెయ్యి ఆడే కట్టించింది. ఇప్పుడు బస్తాలు మోస్తాడు" అంది. మోచెయ్యి ఎంతవరకు వంగుతుందో తన చెయ్యి వంచి చూపించింది. ఆ మాటల్లోనే కొట్టు తలుపు మళ్లీ తీసింది. బెంచీలు కలిపి వేసింది. మేం రాత్రంతా పొయ్యి వెచ్చదనంలో పడుకున్నాం. పొద్దున ఇడ్లీలు తిన్నాం. ఇడ్లీలకు డబ్బులు తీసుకుంది. నిద్రకు తీసుకోలేదు.

ఇప్పుడు లాడ్జి గుమస్తాలు సిగ్గుపడాల్సిన పని తప్పింది. ఫోన్లో గది అడిగేటప్పుడే పేరు వెళ్లిపోతుంది. అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు ఎయిర్‌బీఎన్‌బీ ఇళ్లకు ఒకే రకం అభ్యర్థనలు పంపి చూశారు, పేర్లు మాత్రమే మార్చి. నల్లజాతివాళ్లవిగా వినిపించే పేర్లకు ఒప్పుకోలు 16 శాతం తగ్గింది. 2017లో ఆ ఫలితాలు పత్రికలో వచ్చాయి. మాకు ఇంత లెక్క లేదు. పిల్లలతో ఒక కొండ ఊరికి వెళ్దామని ఒక ఇంట్లో గది మాట్లాడుకున్నాం. ఫోన్లో తెలుగు విని ఇంటాయన ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పొద్దున దోసెలు కూడా ఉంటాయన్నాడు. ఆధార్ పంపమన్నాడు, పంపాం. గంటకు మెసేజీ వచ్చింది, ఇంట్లో పెయింటింగు పని పెట్టుకున్నామని. పిల్లలు ఎందుకు వెళ్లట్లేదని అడిగితే "పదకొండు" అన్నాం. వాళ్లకూ ఇప్పుడా మాట తెలుసు.

2013 అక్టోబరు 5. పుత్తూరు పేరు ఆ రోజు దేశమంతా వినిపించింది, కట్టు వల్ల కాదు. తమిళనాడులో హత్య కేసుల్లో పోలీసులు వెతుకుతున్న ఇద్దరు మా ఊళ్లో ఒక అద్దె ఇంట్లో ఉన్నారని తెలిసి రెండు రాష్ట్రాల పోలీసులు తెల్లవారకముందే ఆ ఇంటిని చుట్టుముట్టారు. లోపల ఒక స్త్రీ, పిల్లలు కూడా ఉన్నారు. గంటల తరబడి సాగింది. ఆ స్త్రీ, పిల్లలు బయటికి వచ్చారు, తర్వాత ఆ ఇద్దరూ పట్టుబడ్డారు. ఒక పోలీసు అధికారి బాగా గాయపడ్డాడు. మేం అప్పుడు వేరే ఊళ్లో పేపరు డెస్కు మీద ఉన్నాం. మా ఊరి వార్తను మేమే తెలుగులో ఎడిట్ చేశాం. శీర్షికలో ఊరి పేరు ముందు ఏ మాట పెట్టాలా అని అందరూ ఆలోచిస్తున్నప్పుడు మేం ఇంటికి ఫోన్ చేస్తున్నాం. అమ్మీ ఎత్తి అడిగిన మొదటి మాట: "ఆ పిల్లలు ఏమయ్యారు?"

తర్వాత ఊళ్లో అద్దె ఇళ్ల లెక్కలు తీశారు. అది తప్పని అనం, వాళ్ల పని అది. కానీ లెక్క అన్ని వీధుల్లో ఒకేలా పడలేదు. ఏళ్లుగా తెలిసిన ఇంటి ఓనర్లు మావాళ్లను ఖాళీ చేయమనడం మొదలుపెట్టారు. కట్టు కోసం వచ్చే ముస్లిం కుటుంబాలు, బురఖాలో ఉన్న తల్లి, చేయి విరిగిన పిల్లాడు, ఏ తలుపు తట్టినా ముందు కార్డు అడిగించుకున్నారు. అబ్బా భయపడ్డాడు. ఇక ముందరి గది ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. హిందువులకు ఇస్తే రేపు ఏదైనా జరిగితే మనదే తప్పంటారు, ముస్లింలకు ఇస్తే ఇవాళే అంటారు అన్నాడు. అమ్మీ ఏమీ అనలేదు. గదిలో మంచాలు ఎత్తి గోడకు నిలబెట్టింది.

ఆ వారంలోనే ఒక కానిస్టేబుల్ వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచాడు. ఇక్కడ గది ఇస్తారట కదా, వచ్చినవాళ్ల పేర్లు రాసిన పుస్తకమేమన్నా ఉందా అన్నాడు. అబ్బా లేదనబోయాడు. అమ్మీ లోపలికి వెళ్లి ఒక నోటుబుక్కు తెచ్చింది. ఆమె పుస్తకం ఉంచుతుందని మా ఎవరికీ తెలీదు. కానిస్టేబుల్ తిరగేశాడు. కుడి నుంచి ఎడమకు, పేజీల నిండా ఉర్దూ. అతని ముఖం మారింది. ఏం రాసుంది ఇందులో అన్నాడు. తమ్ముడు పక్కన కూర్చుని వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పాడు.

కుడి చెయ్యి, వాయల్పాడు, రెండు రాత్రులు, నాలుగు గుడ్లు. ఎడమ కాలు, తిరుత్తణి, తల్లితో, ఒక రాత్రి, చాయ్ వద్దన్నారు. మెడ దగ్గర ఎముక, పాకాల, ముగ్గురు పిల్లలు, డబ్బులు ఇవ్వలేదు, పర్వాలేదు. కుడి మణికట్టు, నగరి, మగ్గం మనిషి, మళ్లీ వస్తామన్నారు.

కానిస్టేబుల్ ఇంకా తిప్పాడు. ఎన్ని పేజీలు తిప్పినా చేతులూ కాళ్లూ ఊళ్లే. పేర్లు ఏవమ్మా అన్నాడు.

అమ్మీ ఇబ్బందిగా నవ్వింది. "నొప్పితో వచ్చినోళ్లను పేరేం అడుగుతాం నాయనా" అంది. ఆపైన, అతను లేచే ముందు, ఎడమచేతి చిటికెన వేలు కాస్త వంకరగా ఉండటం చూసి, అదెప్పుడు విరిగింది, ఎందుకు కట్టించుకోలేదు అని అడిగింది. అతను ఇంకో పది నిమిషాలు కూర్చుని ఆ సంగతి చెప్పి వెళ్లాడు. నోటుబుక్కు మాత్రం వెంట తీసుకెళ్లాడు. అది తిరిగి రాలేదు.